వంత పాడరాదు

సాగరపేట గడియార స్తంభం కింద పాటల పుస్తకాలు అమ్ముకునే సింహాద్రి తన జన్మలో సొంతంగా అన్న మాటలు బహు తక్కువ. పెళ్ళిచూపులనాడు మేనమామ "పిల్ల నచ్చినాదిరా?" అని అడిగితే "నచ్చినాది" అన్నాడు. అంతే, పెళ్ళయిపోయింది. అలాగని అతను చేతకానివాడని అనుకోకూడదు. అతను వంతగాడు. భార్య పైడమ్మ పాట ఎత్తుకుంటుంది. ఆమె విడిచిన చివరి మాటలను అతను అందుకుని తిరిగి పాడతాడు. అది అతని వృత్తి, స్వభావం, చాలావరకు కాపురం కూడా.

ఆ పుస్తకాలు చేపల బజారు వెనక ఉన్న చిన్న అచ్చాపీసులో తయారయ్యేవి. పలచటి పసుపు కాగితం మీద, కొన్నిసార్లు గులాబీ రంగు కాగితం మీద, అరిగిపోయిన అక్షరాలతో అచ్చువేసి మధ్యలో దారం కుట్టేవారు. ఊళ్ళో ఏం జరిగినా పాటయిపోయేది. గాలివాన పాట, వంతెన కూలిన పాట, దొంగస్వామి పట్టుబడిన పాట, అత్తాకోడళ్ళ తగువు. చదువు రానివాళ్ళు కూడా కొనేవాళ్ళు. పాట విన్నాక వట్టి చేతులతో ఇంటికి వెళ్ళబుద్ధయ్యేది కాదు వాళ్ళకి.

"ఉత్తరాన మబ్బు పట్టె, ఊరు వణికెనే" అని పైడమ్మ ఎత్తుకునేది.

"ఊరు వణికెనే, ఓలమ్మా, ఊరు వణికెనే" అని సింహాద్రి అందుకునేవాడు.

పైడమ్మ ఊపిరి తీసుకునేది ఆ జాగాలోనే. దారిన పోయేవాళ్ళు ఆగేదీ ఆ జాగాలోనే. ఆలస్యంగా వచ్చినవాడికి కథ దొరికేది కూడా అక్కడే. వణికింది ఊరని తెలిస్తే చాలు, తతిమ్మాది నిలబడి వింటాడు.

ఇంతలో యుద్ధం వచ్చి కాగితానికి కరువొచ్చింది. ఎవరికి వారు కాగితం పొదుపు చేయాలని పైనుంచి పురపాలక సంఘానికి తాకీదు అందింది. కాగితం ఎక్కడెక్కడ వృథా అవుతోందో తేల్చడానికి సంఘంవారు ఒక ఉపసంఘాన్ని వేశారు. ఆ ఉపసంఘం బోలెడు కాగితాల మీద ఒక నివేదిక రాసింది. దాని సారాంశం ఇది: ఈ ఊరి జనం చెప్పిందే చెబుతున్నారు, అందువల్ల రాసిందే రాస్తున్నారు, అందువల్ల అచ్చువేసిందే అచ్చువేస్తున్నారు. జబ్బు కాగితంలో లేదు, నోట్లో ఉంది.

మర్నాడు దండోరావాడు గడియార స్తంభం దగ్గరకు వచ్చి డప్పు మీద ఒకే ఒక్క దెబ్బ వేశాడు.

"ఇందుమూలముగా సాగరపేట పురజనులకు తెలియజేయడమేమనగా, ప్రస్తుత కాగితపు కొరతను పురస్కరించుకొని, ఒక పర్యాయము చెప్పబడిన విషయమును మరియొక పర్యాయము ముద్రించుట గాని, విక్రయించుట గాని, పలుకుట గాని, పాడుట గాని నిషేధింపబడినది!"

"ఏటన్నాడు? ఏటన్నాడు?" అని వెనకవాళ్ళు గోల చేశారు. "ఇంకోపాలి సెప్పు బావూ."

"సెప్పకూడదు" అన్నాడు దండోరావాడు. "ఇప్పుడు సెప్పింది అదే."

ఉత్తర్వు అమలు చేయడానికి మండా కామేశం గారిని పునరుక్తి నిరోధక ఇన్‌స్పెక్టరుగా వేశారు. అంతకుముందు ఆయన కుక్కల లైసెన్సులు చూసేవారు. మంచివాడు. తెల్లారకుండా స్నానం, నుదుట విభూతి, లంచం పేరెత్తితే చెవులు మూసుకునే మనిషి. ఏ పని అప్పగించినా మనసా వాచా చేస్తాడు. అలాంటివాడి చేతికి అలాంటి ఉత్తర్వు వెళ్ళింది.

ఆయన గడియార స్తంభం దగ్గరికొచ్చి గాలివాన పాట మొదటినుంచి చివరిదాకా విన్నారు. బాగుందన్నట్టు తల కూడా ఊపారు. తరవాత ఒక పుస్తకం తీసుకుని తిరగేశారు.

"ఏమమ్మా, ఇందులో 'ఊరు వణికెనే' అని ఒక్కసారే ఉంది. కిందికి వచ్చేసరికి ప్రతి చరణం చివరా 'ఊరు' అని రాసి అటూ ఇటూ గీతలు పెట్టారు. ఏమిటి దీని భావం?"

"మళ్ళీ ఎత్తుకోమని బాబూ" అంది పైడమ్మ.

"అంటే పుస్తకంలో ఒక్కసారి ఉన్న సరుకును నోటితో పదేపదే చూపించి అమ్ముతున్నావన్నమాట. చూపించింది ఎక్కువ, ఇచ్చింది తక్కువ. ఇది కొనుగోలుదారుని వంచించుట."

"అయితే పాడినన్నిసార్లూ అచ్చేయించీమంటారేటి?"

"అచ్చువేయిస్తే కాగితము దుర్వినియోగము చేయుట."

"మరేటి సెయ్యమంటారు తవరు?"

"ఒక్కసారి పాడు. ఊరు వణికిన మాట ఒక్కసారి చెబితే తెలియదా?"

"వణికినన్నాళ్ళూ ఒక్కపాలి వణికి ఊరుకుందేటి బాబూ ఊరు?"

కామేశం గారు ఆ ప్రశ్నను విననట్టు సింహాద్రి వైపు తిరిగారు. "నువ్వెవరివయ్యా?"

"దీని పెనివిటిని బాబూ."

"అది సరే. ఇక్కడ నీ పనేమిటి?"

"ఇది పాడిందే నానూ పాడతాను."

ఇన్‌స్పెక్టరు గారి ముఖం జాలితో నిండిపోయింది. పెద్ద జబ్బు పేరు చెప్పబోయే వైద్యుడిలా గొంతు తగ్గించి, "అయితే నాయనా, నువ్వే పునరుక్తివి" అన్నారు.

సింహాద్రికి ఆ మాట అర్థం కాలేదు. అర్థం కాని మాట విన్నప్పుడు అతనికి తెలిసిన పని ఒక్కటే. "పునరుక్తివీ" అన్నాడు రాగం తీసి.

"చూశావా!" అన్నారు కామేశం గారు.

తీర్పు అక్కడే అయిపోయింది. ఒక లైసెన్సుకు ఒకే గొంతు. పైడమ్మ పాడుకోవచ్చు. సింహాద్రి గడియార స్తంభం దగ్గర నోరు విప్పకూడదు. వచ్చే పురపాలక సమావేశంలో రెండో గొంతుల లైసెన్సులన్నిటినీ శాశ్వతంగా రద్దు చేస్తారు. అది కాస్తా అయితే సింహాద్రికి మిగిలేది పొరుగూరి గోనె మిల్లు. పైడమ్మ తమ్ముడు అక్కడ మేస్త్రీతో ముందే మాట్లాడి ఉంచాడు. మిల్లు కూలీలకు నిలబడి పాట వినే తీరిక ఉండదు గనక పైడమ్మ ఇక్కడే ఉండి అమ్ముకోవాలి, అతనొక్కడే వెళ్ళాలి. మరమగ్గాల రొదలో ఒకడు పాడితే పక్కవాడికి వినపడదని తమ్ముడు చెప్పాడు. అది మంచికే చెప్పాడు.

మర్నాటినుంచి పైడమ్మ ఒక్కతే పాడింది. "ఉత్తరాన మబ్బు పట్టె, ఊరు వణికెనే" అన్నాక ఊపిరి కోసం ఆగితే పాట తెగిపోతోంది. ఆగకపోతే ఊపిరి తెగిపోతోంది. జనం పోగయ్యేలోగా గాలివాన వెలిసిపోతోంది. "ఏటైనాది? ఎవులు పోనారు?" అని ఆలస్యంగా వచ్చినవాళ్ళు అడిగితే ఆమె జవాబు చెప్పలేకపోతోంది, ఎందుకంటే అది ముందే పాడేసింది.

సింహాద్రి ఎదురుగా సోడా కొట్టు మెట్ల మీద కూర్చుని ఆమె వైపే చూస్తుండేవాడు. ఒకనాడు కామేశం గారు వచ్చి పక్కన నిలబడ్డారు.

"పెదవులు కదుపుతున్నావు."

"సప్పుడు నేదు కద బాబూ."

"చప్పుడు లేదు, నిజమే. కదలిక విషయం ఉత్తర్వులో లేదు. స్పష్టీకరణ కోరుతూ పైవారికి రాస్తాను. అందాకా తువ్వాలు అడ్డం పెట్టుకో."

సింహాద్రి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆ రోజునుంచి చూసినవాళ్ళంతా అతనికి పన్నునొప్పి అనుకున్నారు.

ఉత్తర్వు పాటల దగ్గర ఆగివుంటే ఊరు సర్దుకునేదేమో. కామేశం గారు ఆగే మనిషి కాదు. గడియారం పన్నెండు గంటలు కొట్టడం విని, మొదటి గంట తప్ప మిగిలినవన్నీ దానికి నకళ్ళేనని పట్టేశారు. అది మొదలు ఏ వేళకైనా గడియారం ఒక్క గంటే కొట్టేది. ఊళ్ళో ఎప్పుడు చూసినా ఒంటిగంటే. కొందరు రోజంతా భోజనం చేశారు, కొందరు అసలే మానేశారు. బడిలో పంతులు గారు "రెండొకట్ల రెండు. తతిమ్మాది మీకే తెలుస్తుంది" అని ఎక్కం ముగించారు. అచ్చాపీసుకు వచ్చిన కొత్త పాటలో "గోదారి గలగల పారె" అని ఉంటే, రెండో "గల"ను కొట్టేసి పంపారు. "గోదారి గల పారె" అని అచ్చయింది. "గల ఏటి, గొంతులో ముల్లడ్డం పడ్డట్టు" అంది పైడమ్మ. పక్కింట్లో పసివాణ్ణి ఉయ్యాలలో వేసి తల్లి "జో" అంది. ఒక్కసారే. వాడు ఇంకేమైనా వస్తుందేమోనని కళ్ళు పెద్దవి చేసుకుని చూశాడు. రాకపోయేసరికి ఏడుపు లంకించుకున్నాడు. ఆ ఏడుపు కూడా పునరుక్తే, కాని తాకీదు ఎవరి పేరున ఇవ్వాలో ఇన్‌స్పెక్టరు గారికి తోచలేదు.

గుడిలోనూ అదే వరస. అష్టోత్తరం చేయించుకుందామని సింహాద్రి ఒక కొబ్బరికాయ పట్టుకుని వెళ్ళాడు. పూజారి గారు "ఓం కేశవాయ నమః" అని పువ్వు వేసి, "మిగిలినవన్నీ ఆ స్వామి పేర్లే. ఆయన పేర్లు ఆయనకి మనం చెప్పాలా?" అని పళ్ళెం కింద పెట్టేశారు. న్యాయంగానే ఉంది. అయినా ఎవరికీ పూజ అయినట్టు లేదు. హారతి అయిపోయాక కూడా జనం కదలకుండా అలాగే నిలబడ్డారు. మూలన కూర్చున్న ఒక ముసలమ్మ మటుకు ఇన్‌స్పెక్టరు లేకుండా చూసి జపమాల తిప్పుతూనే ఉంది.

"ఒక్కసారి పిలిస్తే వినడా మామ్మా, భగవంతుడు?" అని ఎవరో అడిగారు.

"ఆయన మొదటిసారికే వింటాడు నాయనా" అంది ఆవిడ. "మొదటిసారి నా నోరే అంటుంది. మనసొచ్చి కూర్చునేసరికి చాలాసేపవుతుంది."

సింహాద్రి ఆ మాట వింటూ నిలబడిపోయాడు. ఇన్నేళ్ళూ తను పాడింది ఎవరికోసమని అతను ఎన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిద్దామనుకున్నాడు గాని, మొదటి మాట ఎవరైనా అంటే తప్ప అతనికి ఆలోచన సాగదు.

ఇంటికి వచ్చాక పైడమ్మ అతని బట్టలు మూట కడుతూ కనిపించింది.

"సోమారం మీటింగట. తమ్ముడు కబురెట్టినాడు. ఆళ్ళు రద్దంటే మంగళారం పొద్దుటి బండికి ఎల్లిపోవాలట."

"ఎల్లిపోవాలట" అన్నాడు సింహాద్రి.

"ఓలమ్మా, ఇదేటి నా కరమ! ఇంట్లో కూడా వంతేనా?" అని పైడమ్మ మూట విసిరికొట్టింది. "నాను ఎల్లమంటే ఎల్తావు, ఉండమంటే ఉంటావు. నీకంటూ ఒక మాట నేదేటి మావా? ఆ మీటింగుకెల్లి, బాబూ నాకిది బతుకు, తియ్యకండి అని ఒక్క ముక్క అడగనేవా?"

"నానేటి అడగగలనే?"

"అదిగో! అది నీ మాటే. నాను అన్నది కాదు. అలగే ఇంకో రెండు ముక్కలు కూడగట్టుకుని ఎల్లు."

ఇక్కడ ఛైర్మన్ గారి సంగతి కొంచెం చెప్పాలి. రావుబహద్దరు నిడమర్తి గవర్రాజు గారికి ఆ వారమే షష్టిపూర్తి. ఊరంతా పందిరి కింద చేరింది. మొదటి వక్త లేచి "మన ఛైర్మన్ గారు మహానుభావులు" అన్నాడు. రెండో వక్త లేచి, తను రాసుకొచ్చిన దాంట్లో అంతకుమించి ఏమీ లేదని చూసుకుని, నమస్కారం పెట్టి కూర్చున్నాడు. మూడో ఆయనా అంతే. ఒక పూలదండ పడ్డాక మిగతా దండలు బుట్టల్లోనే వాడిపోయాయి. ఛైర్మన్ గారు మింగలేక కక్కలేక కూర్చున్నారు. అప్పుడు పురోహితుడు మంగళసూత్రం చేతికిచ్చాడు.

"క్షమించాలి" అంటూ కామేశం గారు ముందుకొచ్చారు. "ఈమె మెడలో తాళి లోగడ కట్టబడియున్నది. కట్టిన మెడలో మరల కట్టుట స్పష్టమైన పునరుక్తి."

పట్టుచీర కట్టుకుని పీటల మీద కూర్చున్న ఛైర్మన్ గారి భార్య చర్రున లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం ఆయన విస్తట్లో అన్నం ఒక్కసారి వడ్డించింది. ఆయన మారు అన్నం కోసం చూస్తే, "మళ్ళీ వడ్డిస్తే పునరుక్తి కాదుటండీ?" అని గిన్నె మీద మూత పెట్టింది. అప్పటినుంచి ఆ ఇంట్లో మారు వడ్డన లేదు.

అందుచేత సోమవారం సమావేశానికి ఛైర్మన్ గారు నడుం దగ్గర వదులైన పంచెతో వచ్చారు. సింహాద్రి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గుమ్మం దగ్గర కామేశం గారే అతన్ని లోపలికి వదిలారు. "మాట్లాడాలంటే ఒక్కసారే. మళ్ళీ మళ్ళీ బతిమాలకూడదు సుమా" అన్నారు. వెంటనే నాలిక కరుచుకుని, రెండో "మళ్ళీ"ని తన ఖాతాలోనే నేరంగా రాసుకున్నారు.

గుమస్తా లేచి మొదటి అంశం చదివాడు. రెండో గొంతుల లైసెన్సుల శాశ్వత రద్దు.

"దానికన్న ముందు ఒక మాట" అన్నారు ఛైర్మన్ గారు. "ఆ ఉత్తర్వు ఉద్దేశము ఉదాత్తమైనదే. అయితే దాని ఫలితములు, ముఖ్యముగా గృహములయందు, చింతింపదగియున్నవి. కావున పునరుక్తి నిషేధపు ఉత్తర్వును రద్దు పరచవలెనని నేను ప్రతిపాదించుచున్నాను."

సభ్యుల మొహాలు వికసించాయి. మామూలు రోజుల్లో అయితే ఆ పాటికి "అవునవును", "బాగు బాగు" అని హాలు దద్దరిల్లేది. ఇవాళ ఒక సభ్యుడు "అవును" అన్నాడు. మిగిలినవాళ్ళు తలలు దించుకున్నారు, ఆ మాట అయిపోయింది గనక.

"బలపరచువారు?" అని గుమస్తా అడిగాడు.

ఒకాయన లేవబోయాడు. కామేశం గారు చేయెత్తారు. "అయ్యా, ప్రతిపాదించినదానినే తిరిగి చెప్పుటకే బలపరచుట అని పేరు. ఉత్తర్వు ఇంకా అమలులోనే ఉన్నది. బలపరచినవారు సభ్యత్వానికి అనర్హులగుదురు."

ఆయన కూర్చున్నాడు.

"వేరే మాటలతో బలపరిస్తేనో?" అని ఒక వకీలు సభ్యుడు అడిగాడు.

"అది అర్థ పునరుక్తి. శబ్ద పునరుక్తి కంటె గురుతరమైన దోషము."

"అయితే బలపరచకుండానే ప్యాసు చేద్దాం" అన్నారు ఛైర్మన్ గారు.

"చట్టం ఒప్పుకోదండి" అన్నాడు గుమస్తా.

"రేపు ఇంకోసారి ప్రతిపాదిస్తాను."

"అది..." అన్నారు కామేశం గారు నొచ్చుకుంటూ.

అప్పుడు అందరికీ అర్థమయింది. ఆ ఉత్తర్వు వేసేనాడు ఏ అడ్డూ లేదు గాని తీయడానికి ఇద్దరు కావాలి, ఇద్దరు ఒకే మాట అనకూడదు. సూర్యచంద్రులున్నంతకాలం సాగరపేటలో ఒంటిగంటే కొడుతుంది. ఛైర్మన్ గారి విస్తట్లో మారు అన్నం పడదు. గుమస్తా నిట్టూర్చి, రెండో గొంతుల లైసెన్సుల కాగితం పైకి తీశాడు. ఆ అంశం ఉత్తర్వు కింద కార్యాలయమే వేసింది గనక దానికి బలపరచేవాళ్ళు అక్కర్లేదు. చదివితే చాలు, అయిపోయినట్టే.

సింహాద్రి గోడ విడిచి ఒక అడుగు ముందుకు వేశాడు. అడగవలసిన రెండు ముక్కలూ దారి పొడుగునా నోట్లో పెట్టుకునే వచ్చాడు. ఇప్పుడు వెతికితే నోట్లో ఏమీ లేదు.

ఛైర్మన్ గారికి కడుపులో ఆకలి మండింది. బల్ల మీద రెండు చేతులూ ఆన్చి, పైకప్పు వైపు చూస్తూ, దేవుడితో మొరపెట్టుకున్నట్టు సాగదీసి అన్నారు: "అయ్యో, ఈ ఉత్తర్వు రద్దు కావలెనే!"

అన్నాక హాలంతా నిశ్శబ్దం.

చరణం తరవాత వచ్చే నిశ్శబ్దాన్ని సింహాద్రి ఏనాడూ ఖాళీగా వదలలేదు. సోడా కొట్టు మెట్ల మీద తువ్వాలు ఉంది గనక నిభాయించుకున్నాడు. ఇక్కడ తువ్వాలు భుజం మీద ఉంది. అతను ఆలోచించలేదు, ధైర్యమూ చేయలేదు. గొంతు దానంతట అదే అందుకుంది.

"రద్దు కావలెనే, ఓలమ్మా, రద్దు కావలెనే!"

గుమస్తా చేతిలో కలం కదిలింది. "బలపరచడమైనది" అని రాసేశాడు.

"ఎవరతను? సభ్యుడు కాడే!" అని వకీలు సభ్యుడు లేచాడు.

ఛైర్మన్ గారు అతన్ని కూర్చోమని సైగ చేశారు. "ఇన్నేళ్ళూ ఈ సభలో మీరంతా నా మాటకు చేసిన పని అదేగదయ్యా. మీరు అలవాటుగా చేశారు. అతనికి అది వృత్తి. ఇన్‌స్పెక్టరుగారూ, సభ్యుడు బలపరిస్తే సభ్యత్వం పోతుందన్నారు. సభ్యత్వమే లేనివాడికి పోయేదేమిటి?"

కామేశం గారు జేబులోని కాగితం తీసి చూశారు. ఉత్తర్వులో దానికి జవాబు లేదు. ఆయన ముఖం మీద మొదటిసారి చిరునవ్వులాంటిది కనిపించింది. "ఏమీ లేదండి" అన్నారు.

"అయితే ప్యాసయినది" అన్నారు ఛైర్మన్ గారు.

"ప్యాసయినది! ప్యాసయినది!" అని సభ్యులందరూ ఒక్క గొంతుతో అరిచారు. అరిచి, ఆ రుచి బాగుండి, ఇంకాసేపు అరిచారు. ఛైర్మన్ గారు గబగబా ఇంటికి బయల్దేరారు.

మంగళవారం పొద్దున్న బండి సింహాద్రి లేకుండానే వెళ్ళిపోయింది. గడియార స్తంభం కింద పైడమ్మ గులాబీ రంగు పుస్తకాలు గోనెపట్టా మీద పరిచింది. నలుగురూ మూగారు. ఆమె చెవి మీద చేయి పెట్టుకుని ఎత్తుకుంది.

"ఉత్తరాన మబ్బు పట్టె, ఊరు వణికెనే..."

ఎవరూ అందుకోలేదు. పైడమ్మ ఆగింది. జనం సింహాద్రి వైపు చూశారు. అతను నోరు తెరుచుకుని ఆమెనే చూస్తూ నిలబడ్డాడు.

"ఏటి మావా? నోరు పడిపోనాదేటి?"

సింహాద్రి తల అడ్డంగా ఊపాడు. ఇన్నేళ్ళూ ఆమె పాట చివరి మాటలు అందుకునే తొందరలో మొదటి మాటలు సరిగ్గా వినలేదతను. ఇవాళ విన్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"నీ పాట బాగున్నాదే పైడీ" అన్నాడు. "ఏదీ, మళ్ళీ పాడు."